రూతమ్మ మీద పడ్డ ఉంగరం

రూతమ్మ పేకాడి బతుకుతుంది. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఈ మాటంటే ముందు చెవులు మూసుకుంటారు, తర్వాత పక్కకి పిలిచి "ఏ మాత్రం మిగులుతుందేంటి?" అని అడుగుతారు. ఏడాదికి నాలుగుసార్లు గోవా వెళ్లి పోకర్ పోటీల్లో కూర్చుంటుంది. బహ్రెయిన్‌లో మాత్రం పైసా పెట్టి ఆడదు. ఇక్కడది నేరం. గుదైబియాలో ఆరేళ్లుగా మా ఇద్దరిదీ ఒకే గది కాబట్టి ఆవిడ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ముందు వంటమనిషి. జింజ్‌లో జగ్గారావు ఇంట్లో నాలుగేళ్లు వండింది. ఆయన సల్మాబాద్‌లో ఒక గ్యారేజీకి మేనేజరు. శుక్రవారం వస్తే ముందుగదిలో తలుపులేసుకుని రమ్మీ. రూతమ్మ టీ గ్లాసులతో వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఒక శుక్రవారం ఆయన పెళ్లి ఉంగరం ఊడదీసి పందెం కాశాడు, పోగొట్టుకున్నాడు. మామగారు పెట్టిన ఉంగరం. భార్య లక్ష్మీదుర్గ అడిగితే "రూతమ్మ తీసుంటుంది" అన్నాడు మహానుభావుడు.

తను చూసింది రూతమ్మ చెప్పింది. వంటమనిషి మాట ఎవరు వింటారు? ఆ రోజు ఆడినవాళ్లు జైలు భయంతో నోరు విప్పలేదు. పని పోయింది. అది పోతే పోయింది, మా సహవాసంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సర్దే పని ఆవిడ చేతిలోంచి తీసి ఇంకొకరికిచ్చారు. అక్కడ వెండి గిన్నెలుంటాయి కదా! ఆ రోజు నేనూ నోరు మూసుకునే ఉన్నాను. ఇప్పటికీ నాకది సిగ్గే.

మర్నాటి నుంచి రూతమ్మ ఒక కెఫెటేరియాలో పరాటాలు చేస్తూ, ఖాళీ దొరికితే పాత ఫోన్లో పోకర్ నేర్చుకుంది. ఉత్తుత్తి బిళ్లలతో ఆడే ఆట. రమ్మీ ఎందుకు కాదని అడిగాను.

"రమ్మీలో చేతికి పదమూడు ముక్కలు. ఇందులో రెండే. మిగతా అయిదూ బల్లమీద అందరికీ కనబడతానే ఉంటాయి. ఇంక చదవాల్సింది ఎదటోడి మొహాన్నే."

మొదటి ఏడాది అంతా ఓటమే. ప్రతి ఆటలో ఆవిడకి జగ్గారావే కనబడేవాడు, పళ్లు కొరుకుతూ ఉన్న బిళ్లలన్నీ పందెంలోకి తోసేసేది. ఓడిన ఆటల్ని పాటల పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేది. అలా రాయగా రాయగా, మంచివి రాకపోతే ఆట వదిలేసి ముక్కలు పారేయడం నేర్చింది. పదిసార్లలో ఎనిమిదిసార్లు పారేసేది. కోపం తగ్గిందేమో అనుకున్నాను. నా మొహం! నిప్పుని కుంపట్లో దాచింది, అంతే.

జీతంలో కూడబెట్టి గోవా పోటీలకి వెళ్లింది. అక్కడ మూడోసారి గెలిచొచ్చాక ఆ సంగతి జగ్గారావు చెవిన పడింది. వంటమనిషి పేకలో పేరు తెచ్చుకుంటే ఆ మగాడు తట్టుకోగలడా? తనతో పోకర్ ఆడి చూడమని కబురు పంపాడు. శుక్రవారం మధ్యాహ్నం నేనూ వెంట వెళ్లాను. పాత జట్టంతా ఉంది, లక్ష్మీదుర్గా ఉంది.

"ఏం రూతమ్మా, గరిటె వదిలేసి పేక పట్టావంట?" అన్నాడు.

"పట్టానండి. డబ్బులొద్దు, శనగలు పెట్టుకుందాం. ఇద్దరం ఉన్నవన్నీ తోసిన ఆటతో గెలుపెవరిదో తేలిపోవాలి. నేనోడితే ఉంగరం నేనే తీశానని ఇక్కడే ఒప్పుకుంటాను. మీరోడితే అదెక్కడ పోయిందో అమ్మగారికి మీరు చెప్పాలి."

లక్ష్మీదుర్గ మొగుడి వంక చూసింది. "ఆడండి. భయమెందుకు?" అంది. ఇంక తప్పించుకునే దారి లేదు.

ఓడితే ఆ దొంగ పేరు జన్మలో పోదు. ఆవిడేమో ముక్కలు పారేస్తూనే ఉంది. ఆవిడ శనగలు సగానికి వచ్చాయి.

రమ్మీ ఆడేవాళ్ల చెయ్యి ఊరుకోదు. చేతికి రెండే ముక్కలొచ్చినా జగ్గారావు వాటిని అటూ ఇటూ మార్చి సర్దేవాడు. రెండూ ఒకటే అయి జత పడితే మాత్రం సర్దడానికేమీ ఉండదు కాబట్టి వేళ్లు కదిలేవి కావు. పడ్డ జతని పారేయడానికి ఆయనకి ప్రాణం ఒప్పదు. ఈ రెండు అలవాట్లూ రూతమ్మ గుమ్మంలో నిలబడి ఆయన రమ్మీలోనే నాలుగేళ్లు చూసింది.

ఆ ఆటలో ఆయన వేళ్లు కదల్లేదు. బల్లమీద ఆరు, ఏడు, ఎనిమిది, రాణి, రెండు పడ్డాయి. రూతమ్మ శనగలన్నీ ముందుకి తోసింది. ఆయన నవ్వి తనవీ తోసి, రెండు ఆసులు పరిచాడు. ఆవిడ తొమ్మిది, పది పరిచింది. ఆరు నుంచి పది దాకా వరస. జన్మంతా వరసలు పేర్చినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"చెప్పండి జగ్గారావుగారూ." అంతకు ముందెప్పుడూ బాబుగారూ అనే పిలిచేది.

తలొంచుకుని గొణిగాడు. "పేకాట్లో పోయింది దుర్గా. ఆవిడ తియ్యలేదు."

లక్ష్మీదుర్గ కళ్లనీళ్లతో రూతమ్మ చెయ్యి పట్టుకుంది. "క్షమించమ్మా."

"ఏడు డెబ్భైలసార్లు క్షమించమన్నాడు ప్రభువు. నాకింకా మొదటిసారికే బుద్ధి పుట్టలేదమ్మగారూ."

చెయ్యి విడిపించుకుని వెళ్లి, టీ గ్లాసులతో నిలబడే ఆ వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

"మళ్లీ చెప్పండి," అంది. "ఇక్కడికి వినబళ్లేదు."