రంగత్‌లో పై అంతస్తు ఆగిన రోజు

సముద్రం అవతలి దీవుల్లో, రంగత్‌లో ఉండే మా శాంతక్క ఫోన్‌లో పంపిన ఒక ఫోటో చూసి విశాఖలో విమానం ఎక్కాను. వాళ్ళది కింద హోటలు, పైన ఇల్లు. హోటల్లో ఒక స్తంభం పైన, దూలం కలిసేచోట, ఏటవాలుగా పగులు. "మొన్న భూమి కదిలినప్పుడు వచ్చింది. మీ బావేమో ఇంకో అంతస్తు వేస్తానంటున్నాడు," అంది. భూకంపం వస్తే పాత భవనాలు నిలుస్తాయో లేదో చూడడమే నా ఉద్యోగం. ఇక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

విమానం దిగిన ఊళ్ళోనే గోల్ ఘర్ అనే పేటలో లాడ్జిలో దిగి, మర్నాడు తెల్లవారకముందే రంగత్ బస్సు ఎక్కాను. టికెట్ ముందురోజే తీసుకోవడం మంచిది. దారిలో చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ ఆగి, పోలీసు కాపలాతో ఒకే వరుసలో ఆదివాసులుండే అడవి దాటాలి. లోపల ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. ఆగిన ప్రతిసారీ "ఇంకెంతసేపు భయ్యా?" అని డ్రైవర్ని విసిగించాను. "మీ జల్దీకి బార్జ్ ఆగదు, తొందరగానూ రాదు దీదీ," అన్నాడతను. బార్జ్ అంటే బళ్ళను దాటించే పెద్ద బల్లకట్టు; దాని మీద బస్సుతోపాటే సముద్రపు పాయ దాటి, భోజనాల వేళకు రంగత్ చేరాం.

సంచి దించకుండానే స్తంభాల చుట్టూ తిరిగాను. బావ ఈ దీవుల్లోనే పుట్టి పెరిగినవాడు. గుమ్మం ముందు ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు దింపించి ఉంచాడు.

"సునామీ తెచ్చిన ఆ పెద్ద భూకంపానికే పడలేదు. టెన్షన్ మత్ లో మరదలా," అన్నాడు.

"అప్పుడు కింద గోడలుండేవా బావా?"

"ఉండేవి. హోటల్ కోసం తీసేశాం."

"ఊపును తట్టుకున్నవి ఆ గోడలే. ఇప్పుడు పైన బరువు, కింద ఒట్టి స్తంభాలు. మళ్ళీ ఊగితే మొదట విరిగేవి ఇవే."

బావ ముఖం ఎర్రబడింది. "రేపు మేస్త్రీలు వస్తున్నారు. టూరిస్టులకు గదులు కావాలి కదా!"

అక్క వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చింది. "ఆ గదుల కింద పొద్దస్తమానం నిలబడేది నేను. నన్నొక మాట అడిగావా?"

బావ స్తంభం దగ్గరికెళ్ళి పగులు వెంట వేలు పెట్టి చూశాడు. తర్వాత మేస్త్రీకి ఫోన్ చేశాడు. "స్లాబు రోక్ దో భయ్యా, పైన ఇప్పుడేం వద్దు. కింద పని ఉంది."

ఆ సాయంత్రమే హోటల్ మూసి, పగిలిన స్తంభం పక్కన ఆసరాలు నిలబెట్టించాం. పైన బరువు తగ్గాలని మిద్దె మీది నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాం. తర్వాత కొలతలు తీసి, లెక్కలు వేసి, స్తంభాల చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటు చుట్టించాం. నాలుగు వైపులా సమంగా గోడలు లేపించాం. హోటల్లో బల్లలు సగానికి తగ్గాయి. బావ ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడట.

నాకూ పూర్తిగా నిశ్చింత లేదు. తిరుగు బస్సులో కిటికీలోంచి కనబడ్డ ప్రతి ఇంటి కాళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాను. వాటి మధ్య ఎవరెవరు నిలబడి వంట చేస్తున్నారో! మీరు ఇటు వస్తే, గది తీసుకునే ముందు ఆ భవనం కింది అంతస్తు చూడండి. గోడల్లేకుండా ఒట్టి స్తంభాల మీదే ఉంటే, పక్క లాడ్జిలో గది అడగండి.