మంచినీళ్లు తాగిన మిషన్

మా ఇంట్లో వాషింగ్ మిషన్ మళ్లీ ఆగిపోయిందని తెలిస్తే మా అత్తమ్మకు పండగ. ఫోన్ చేసి మరీ పరామర్శిస్తుంది, చావు కబురు విన్నంత శ్రద్ధగా. ‘‘ఏందే, మల్ల పోయిందా? నా మిషన్ జూడు, ఇయ్యాల్టికీ గిర్రున తిరుగుతాంది’’ అంటుంది. ఆ ‘నా మిషన్’ అనడంలో ఉన్న ముద్దు, తన ఇద్దరు కొడుకుల్ని పిలిచేటప్పుడు కూడా ఆమె గొంతులో నేను వినలేదు.

ఆమె చెప్పేది అబద్ధం కాదు. హనుమకొండ సుబేదారిలోని అత్తమ్మ ఇంట్లో, మెట్ల కింద, మామయ్య డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న రెండు అరల మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. చుట్టాలందరూ దీని మీద తీర్పులు చెబుతారు. అప్పటి మోటర్లో రాగి ఎక్కువట. ఇప్పుడంతా ప్లాస్టిక్కట. పూర్వం ఒక మీట తిప్పితే సరిపోయేది, ఇప్పుడు లోపలి బోర్డు కాస్త తడిస్తే మొత్తం మూలన పడుతుందట. నిజమే కావచ్చు, కాదనను. కానీ నాకు తెలిసిన కారణం ఇంకొకటి ఉంది. అది ఆ ఇంట్లోనే తిరుగుతోంది, అన్నం వండుతోంది, అంట్లు తోముతోంది. ఆమె నా యారాలు, అత్తమ్మకు పెద్ద కోడలు. నేను అక్కా అని పిలుస్తాను.

మిషనూ అక్కా ఆ ఇంటికి ఒకే ఏడు వచ్చారు. మిషన్‌కు నీడ చూసి చోటిచ్చారు, కొలత తీసి గుడ్డ కుట్టించారు. దాని నీళ్ల దగ్గర కూడా పట్టింపే. మా వైపు ధర్మసాగర్ చెరువు నీళ్లు నల్లాలో రోజూ రావు. వచ్చిన రోజున తాగడానికీ వంటకూ పట్టుకున్నాక, ఒక డ్రమ్ము విడిగా నింపి మూత పెట్టేవాళ్లు. అది మిషన్ డ్రమ్ము. మనుషులు ముట్టకూడదు. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని మిషన్ పాడవుతుందని మామయ్యకు ఎవరో చెప్పారు. చెప్పినవాడు నిజమే చెప్పాడు. బకెట్ అంచున తెల్లగా గట్టిపడే ఆ బోరు నీళ్లను అక్క చేతులకు వదిలేశారు.

అంతటితో ఆగితే లోకంలో ఉన్నదేలే అనుకోవచ్చు. అత్తమ్మ ఇంకో రూలు పెట్టింది. మురికి బట్టలు మిషన్‌లో వేయకూడదు. మామయ్య డ్యూటీ బట్టల జిడ్డు, బావగారి కాలర్ల మడ్డి, పిల్లల పక్కగుడ్డలు, అన్నీ ముందు బండ మీద ఉతికి, జాడించి, శుభ్రమయ్యాకే మిషన్‌లో వేయాలి. అదీ చుట్టాలు వచ్చినప్పుడే. మిగతా రోజుల్లో బండతోనే సరి. పెళ్లయిన కొత్తలో ఇది చూసి నేను పగలబడి నవ్వాను.

‘‘ఉతికిన బట్టలు ఉతికేందుకు మిషనెందుకు అత్తమ్మా?’’

‘‘మురికి తిని తిని అది ఖరాబైతది. సామాను అంటే పానం లెక్క చూసుకోవాలె’’ అంది.

నాకు నోరుంది కాబట్టి ఏడాది తిరక్కుండానే వేరు పడ్డాను. అక్కకు నోరు లేదు. ఆమెకు ఉన్నదల్లా పని తెలిసిన వేళ్లు.

ఆ వేళ్లకు మగ్గం పని తెలుసు. పుట్టింట్లో నేర్చుకుంది. చట్రానికి పట్టుగుడ్డ బిగించి కొక్కెపు సూదితో జరీ లాగుతుంటే, నెమలి మెడ మన కళ్లముందే వంపు తిరిగేది. హనుమకొండలో పెళ్లి జాకెట్లు కుట్టించే ఒకావిడ అది చూసి, ఒక్క జాకెట్ బాగా చేసిస్తే ఇక ఇంటికే పని పంపుతానంది. అక్క మొహం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సొంత సంపాదన వస్తే ముందు ఏం కొంటావని అడిగాను. చీర అంటుందనుకున్నాను. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, బట్టలుతికే మిషన్ అంది.

కానీ బోరు నీళ్లూ సబ్బు పొడీ కలిసి ఆమె వేళ్లను అప్పటికే పగలగొట్టాయి. పట్టు దారం ఆ పగుళ్లలో చిక్కుకుని పోగు లేచేది. దవాఖానలో చూపిస్తే, కొన్నాళ్లు సబ్బు నీళ్లలో చేతులు పెట్టొద్దన్నారు. అక్క మొదటిసారి అత్తమ్మను ఒకటి అడిగింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

‘‘అత్తమ్మా, గీ జాకెట్ అయ్యేదాంక బట్టలు మిషన్ల ఏసుకుంట. చేతులు జర మానుతయ్.’’

బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్తమ్మ తలెత్తలేదు. ‘‘మిషన్ ఖరాబైతే మల్ల మానుతదా? చేతులంటే నాలుగు దినాలల్ల మానుతయ్.’’

బావగారు పక్కనే నిలబడి, అక్క ఉతికిన తెల్ల చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నారు. ‘‘అమ్మ చెప్పింది గూడ నిజమే’’ అన్నారు. ఆ చొక్కా తెల్లదనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జాకెట్ వీపు మీద, నెమలి పక్కన, చిన్న నెత్తుటి మరక పడింది. జాకెట్ల ఆవిడ గుడ్డ తిరగేసి చూసి, మడిచి పక్కన పెట్టింది. తర్వాత పని పంపలేదు. మగ్గం చట్రం సజ్జ మీదికి పోయింది. చేతులు నాలుగు రోజుల్లో మానలేదు. వాటికి మానే తీరిక ఎక్కడిది? పగిలాయి, అతుక్కున్నాయి, మళ్లీ పగిలాయి, చివరికి వేళ్లు ముద్దబారి సూది పట్టడమే మర్చిపోయాయి. మిషన్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. ఉండదా మరి? పని చేయనివాళ్లకు అరుగుదల ఎందుకుంటుంది? మా బావగారూ అంతే, చెక్కు చెదరలేదు. నా మిషన్ రోజూ బోరు నీళ్లే తాగుతుంది, పిల్లల జీన్సుల మట్టంతా నములుతుంది, దానికి ఆదివారం కూడా లేదు. అది చస్తే చచ్చింది, నా చేతులు మెత్తగానే ఉన్నాయి.

ఈ మధ్య మా ఆడపడుచు కూతురి పెళ్లి కుదిరి, సుబేదారి ఇంట్లో అందరం చేరాం. మనవరాలి పెళ్లి జాకెట్ గుడ్డ చూడగానే అత్తమ్మ అక్కను పిలిచింది. ‘‘బయటోళ్లకెందుకిచ్చుడు? నీకు మగ్గం పని వస్తది గద బిడ్డా. నువ్వే చెయ్’’ అంది. మర్చిపోయి అన్నదో, గుర్తుండే అన్నదో నాకు తెలియదు. ఏదైనా నేను క్షమించను.

అక్క ఆ పట్టును ఒకసారి అరచేత్తో నిమిరింది. చేయి పోయిన మేరా పోగులు లేచాయి. పెళ్లికూతురు ‘‘అయ్యో, నా పట్టు!’’ అంటూ గుడ్డ లాక్కుంది.

అప్పుడు అత్తమ్మ అక్క చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. నేను చూస్తుండగా అదే మొదటిసారి. తిప్పి తిప్పి చూసింది, బొటనవేలితో పగుళ్లు తడిమింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్త మంచీ వేము తీపీ లేవని తెలిసి కూడా, ఒక్క క్షణం నేను ఆమెను నమ్మాను. అక్క కూడా నమ్మినట్టుంది.

‘‘ఇంకనన్నా బట్టలు మిషన్ల ఏసుకుంట అత్తమ్మా’’ అంది.

అత్తమ్మ ఆ చేతుల్ని మెల్లగా అక్క ఒళ్లోనే పెట్టింది. పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

‘‘చేతులు ఎట్లాగూ ఖరాబైనయ్ గద బిడ్డా. మంచిగున్న మిషన్ను గూడ ఎందుకు ఖరాబు చేసుకునుడు?’’

చుట్టాల్లో ఒకరిద్దరు తలూపారు. నాకున్న నోరు ఆ పూట పెగల్లేదు. అక్క లేచి, చుట్టాల దుప్పట్లు తీసుకుని బోరు దగ్గరికి పోయింది.