లోపలికి వెళ్ళని గది

చక్రాలున్న ఇంటిని కొనుక్కుని, దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళకుండా సరస్సు ఒడ్డున పాతేసుకోవడం మా ఉత్తర మిన్నెసోటా వాళ్ళకే చెల్లింది. పికప్ బండి వెనక తగిలించుకుని దేశమంతా తిరగడానికని చేసిన ట్రెయిలర్లు అవి. మావాళ్ళు వాటిని ఒకే ఒక్కసారి లాక్కొస్తారు. ఆ తరవాత దాని ముందొక చెక్క వసారా, వసారాకి రేకు కప్పు, కప్పు కింద పూలకుండీలు. రెండో ఏడు గడ్డి చక్రాల్ని కప్పేస్తుంది. మూడో ఏటికి అదొక బండి అన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

అయినా ఆకులు రాలేటప్పటికి అందరూ ఒక పని మాత్రం మానరు. జారుగదుల్ని లోపలికి తోస్తారు. ట్రెయిలర్ గోడలో ఒక ముక్క, సోఫాతో, భోజనబల్లతో, కిటికీతో సహా, మీట నొక్కగానే సొరుగులా బయటికి జారుతుంది. అంతవరకూ ఇరుకు సందులా ఉన్న ట్రెయిలర్ ఇల్లయిపోతుంది. వేసవంతా ఆ గది అలా బయటే ఉంటుంది. చలికాలంలో దాని నెత్తిన మంచు కూర్చుంటుంది కాబట్టి అక్టోబరులో మళ్ళీ మీట నొక్కి లోపలికి లాగేస్తారు. గొట్టాల్లో నీళ్ళన్నీ బయటికి వదిలేసి, గడ్డకట్టని గులాబీరంగు ద్రవం పోస్తారు. ఎలుకలు దూరే కన్నాల్లో ఇనుప పీచు కుక్కుతారు. బ్యాటరీ విప్పి ఇంటికి తీసుకెళతారు. మే నెల దాకా మళ్ళీ అటు చూడరు.

ఒరిన్ లాహ్టెలా ఇవన్నీ చేసేవాడు, ఒక్కటి తప్ప. గదిని లోపలికి తోసేవాడు కాదు.

"మడిచి పెట్టెలో పెట్టడానికి అదేమన్నా అకార్డియనా?" అనేవాడు.

పక్క స్థలం వెండెల్ గనిలో అతనితో కలిసి పనిచేసి రిటైరైనవాడు. ఏటా అక్టోబరులో వాళ్ళిద్దరికీ ఇదే తగువు.

"ఒరేయ్, మంచు బరువుకి దాని నడుం విరుగుతుందిరా. లోపలికి తొయ్యి."

"తోస్తే చుట్టూ ఉన్న రబ్బరు నలిగి చస్తుంది. రెండేళ్ళకోసారి నువ్వు మార్చుకుంటున్నావుగా."

"నేను మార్చేది రబ్బరు. నువ్వు మార్చాల్సొచ్చేది ట్రెయిలర్."

"అప్పుడు నీది అద్దెకి తీసుకుంటాలే."

ఇద్దరిలో ఎవరో ఒకరు ఒప్పుకుని ఉంటే ఇద్దరికీ అక్టోబరు తోచేది కాదు. ఒరిన్ భార్య ఆర్లిస్ మాత్రం వాళ్ళకి చెరో కప్పు కాఫీ ఇచ్చి, "ముసలాళ్ళకి పళ్ళు ఊడినా నోరు ఊడదు," అనేసి లోపలికి వెళ్ళిపోయేది. బడి వంటశాలలో జీవితమంతా వందలమంది పిల్లలకి వండి పెట్టిన మనిషి. ఆమెకి కబుర్లకంటే గిన్నెలు తోమడం మీదే గురి.

ఒరిన్ మొండితనానికి రబ్బరు ఒక సాకు. అసలు సంగతి వేరే. అతను పుట్టింది గని కంపెనీ కట్టించిన రెండు గదుల ఇంట్లో. పిల్లలు ఎక్కువైపోయి, ఇతన్ని పెరట్లో ఆవిరిస్నానపు కొట్టం ముందుగదిలో బల్ల మీద పడుకోబెట్టేవారు. శనివారం చుట్టుపక్కల వాళ్ళు స్నానాలకి వస్తే ఆ బల్లా ఉండేది కాదు. తరవాత సైన్యంలో ఒకదాని మీద ఒకటి బిగించిన మంచాలు. ఆ తరవాత గనిలో రాళ్ళు నలగగొట్టే మిల్లు, అందులో నిలబడటానికి మాత్రమే చోటున్న రేకు గూడు. ముప్ఫై ఏళ్ళ పాటు ఆ ధూళి పీల్చాడు. పెళ్ళయ్యాక కొన్న ఇల్లు కూడా చిన్నదే, కాకపోతే మెట్లు ఎక్కువ. ఊపిరి అందక ఆ మెట్లు ఎక్కలేని రోజు వచ్చాక దాన్ని అమ్మేసి ఊళ్ళో వృద్ధుల అపార్టుమెంటులో చేరారు. అక్కడ కిటికీ తెర తీస్తే ఎదురుగా ఆసుపత్రి వాళ్ళు కార్లు పెట్టుకునే స్థలం.

జారుగదిలో సోఫా మీద పక్కకి ఒరిగి కాళ్ళు చాపితే పాదాలు ఏ గోడకీ తగలవు. కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి. అదే కథంతా. ఇందులో వేదాంతం నేనేమీ కలపలేదు. "నా కాళ్ళు పూర్తిగా పట్టిన చోటు ఇదొక్కటే," అని కాఫీ తాగుతూ అతనే అన్నాడు. ఒకసారి బయటికొచ్చిన గదిని మళ్ళీ గోడలో కుక్కడం అతని వల్ల కాలేదు.

వెండెల్ నోరు మూయించడానికని నాలుగో ఏడు ఆ గది నెత్తిన ఒక కప్పు వేశాడు. మంచు ఇక గది మీద పడదు, కప్పు మీద పడుతుంది. కప్పు దూలాన్ని మాత్రం నేలలో పాతిన గుంజలకి కాకుండా, గది గోడకే పొడుగాటి మరమేకులతో బిగించాడు. పని సుళువని అలా చేశాడు. చూడ్డానికి బాగుండేది. చలికాలం వెళ్ళాక మే నెలలో వచ్చి, కప్పు చెక్కుచెదరకుండా ఉండటం చూసి వెండెల్ వైపు తిరిగి టోపీ తీసి వంగేవాడు.

మొన్నటి సెప్టెంబరు మొదటి సోమవారం, వేసవి ముగింపు విందుకి అందరూ తలో వంటకం తెచ్చుకుని కూర్చున్నారు. ట్రెయిలర్లన్నీ అద్దెకి నిలిచిన ఆ సరస్సు ఒడ్డు స్థలం సొంతదారు చనిపోయి ఏడాదైంది. అతని కూతురు వచ్చి నిలబడి, స్థలం అమ్మేశానని చెప్పింది. నవంబరులో జింకల వేట మొదలయ్యేలోపు అన్నీ కదలాలి. ఈ చలికాలం ఇక్కడ ఏ బండీ నిలవకూడదు. మిగిలినవాటిని కొన్నవాళ్ళే యంత్రాలు పెట్టి తీసేస్తారు. చెబుతూ ఆమె ఏడ్చింది. మావాళ్ళు ఆమె భుజం తట్టి, ఓదార్చి, బంగాళాదుంపల వంటకం ఒక గిన్నెలో పెట్టి ఇచ్చి పంపారు. మా మర్యాద అలాంటిది. కొంప కూల్చడానికి వచ్చినవాళ్ళకి ఆకలేస్తుందేమోనని చూస్తాం.

ఆర్లిస్ మర్నాడే ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఒక్కో సరస్సు దగ్గరా స్థలం కోసం జనం ఏళ్ళ తరబడి వరసలో ఉన్నారు. చివరికి ఉత్తరాన ఒకచోట ఖాళీ దొరికింది. షరతు ఒక్కటే. మే నెలలో ట్రెయిలర్ సొంత చక్రాల మీద రావాలి, గది వాళ్ళ కళ్ళముందు బయటికీ లోపలికీ కదలాలి. పాతేసిన కొంపలు తమకొద్దన్నారు. చలికాలం దాచడానికి వెండెల్ తన పొలంలో గడ్డికోత యంత్రాల కొట్టం ఇస్తానన్నాడు.

కాబట్టి లెక్క తేలిపోయింది. గది లోపలికి వెళితే వాళ్ళకి వేసవులు ఉన్నాయి. వెళ్ళకపోతే ఏడాది పొడుగునా ఆసుపత్రి కార్లే.

అక్టోబరు మధ్యలో పని పెట్టుకున్నారు. ఒరిన్ నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు కాబట్టి నిచ్చెన వెండెలే ఎక్కాడు. కప్పు విప్పడానికి మొదటి మరమేకుకి పట్టకారు వేశాడు. తిప్పకుండానే అది చేతిలోకి ఊడొచ్చింది. రెండోదీ అంతే. మరమేకుకి కుళ్ళిన చెక్క తడిసిన కాఫీపొడిలా అంటుకుని ఉంది. వెండెల్ దాన్ని వాసన చూసి జేబులో వేసుకున్నాడు.

"ఏంట్రా, చప్పుడు లేదు?" అని కింద నుంచి ఒరిన్ అడిగాడు.

"ఏం లేదు. వస్తున్నాయి."

అన్నేళ్ళుగా దెప్పిన మనిషి, దెప్పడానికి ఇంత మంచి అవకాశం దొరికినప్పుడు నోరు మూసుకున్నాడు. ఆర్లిస్‌కి అక్కడే విషయం అర్థమైంది.

కప్పు దిగింది. వసారా విప్పారు. ఆర్లిస్ లోపలికి వెళ్ళి మీట నొక్కింది. మోటారు మూలిగింది. గది ఒక కొస అరచేతి వెడల్పు లోపలికి వచ్చింది. రెండో కొస అంగుళం కూడా కదల్లేదు. అలమరలో పళ్ళేలు గలగలమన్నాయి. ఎక్కడో చెక్క విరిగింది.

"ఆపు! ఆపు! వెనక్కి నొక్కు!"

వెనక్కి నొక్కితే మోటారు మూలగడం కూడా మానేసింది. గది వంకరగా, గడప దగ్గర తటపటాయించే చుట్టంలా, లోపలికీ రాక బయటికీ పోక ఇరుక్కుంది.

వెండెల్ నేలమీద వెల్లకిలా పడుకుని ట్రెయిలర్ కిందికి దూరాడు.

"ఏం కనబడుతోంది?" అన్నాడు ఒరిన్.

"నీ సోఫా అడుగు కనబడుతోందిరా," అన్నాడు.

అంటే మధ్యలో ఉండాల్సిన నేల లేదు. గోడకి బిగించిన ఆ మరమేకుల కన్నాల్లోంచి ఏటా కరిగిన మంచు గోడలోకి, గోడలోంచి నేలలోకి దిగింది. గదికి గొడుగు పట్టాననుకుని ఒరిన్ దానికి నీళ్ళు పట్టాడు. వెండెల్ చెప్పినట్టు మంచు బరువుకి నడుం విరగలేదు. ఒరిన్ చెప్పినట్టు రబ్బరూ పాడవలేదు. తగువులో ఇద్దరూ ఓడిపోయారు.

ఒరిన్ లోపలికి వెళ్ళి సోఫా ముందు పరిచిన తివాచీ మడత తీశాడు. కింద చెక్క నల్లగా, నానిన రొట్టెలా ఉంది.

"మూడేళ్ళ కిందటే మెత్తబడింది," అన్నాడు, భార్య వైపు చూడకుండా. "నీకెందుకులే అని తివాచీ వేశాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తివాచీ ఎందుకేశావో తెలుసు. చీపురు అక్కడ నొక్కేదాన్నే కాదు. ఎప్పుడన్నా చూశావా, నేను అక్కడ కాలు పెట్టడం?"

ఒరిన్ ఆలోచించాడు. చూడలేదు.

వంకరగా బయటికి పొడుచుకొచ్చిన గదితో బండిని రోడ్డెక్కనివ్వరు. ఉన్నవి రెండే దారులని వెండెల్ చెప్పాడు. మొత్తం యంత్రాలవాళ్ళకి వదిలెయ్యాలి. లేదా గదిని కోసేసి, ఆ కంతకి ప్లైవుడ్ కొట్టి, మిగిలినదాన్ని లాక్కెళ్ళాలి.

"కొయ్యి," అంది ఆర్లిస్.

"దేనికి?" అన్నాడు ఒరిన్. "గది లేని ట్రెయిలర్‌కి ఎవడిస్తాడే స్థలం?"

"ఎవడూ ఇవ్వడు."

"మరి?"

"వాళ్ళకి వదలబుద్ధి కావట్లేదు. కొయ్యమను."

ఎక్కడ కొయ్యాలో ఒరినే పెన్సిలుతో గీత గీశాడు. గీత తిన్నగా వచ్చింది. అతని చెయ్యి ఎప్పుడూ తిన్ననే. కరెంటు రంపం అరవడం మొదలుపెట్టాక దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి గది నాలుగు దుంగల మీదికి దిగింది. వెండెల్ పికప్‌తో మిగతాదాన్ని లాగితే, ఇన్నేళ్ళ గడ్డి వేళ్ళు చక్రాలకి చుట్టుకుని వచ్చాయి.

జారుగదిలో సోఫా కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. ఒరిన్ వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. ఈసారి కాళ్ళు చాపుకోలేదు. ఎదురుగా వంటగది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ట్రెయిలర్ నిలబడిన మేర ఎండ తగలక పాలిపోయిన మట్టి మాత్రం ఉంది. సరస్సు అతని వెనక ఉంది.

"రారా, చలేస్తోంది," అన్నాడు వెండెల్.

"తలుపు ఎవడు తీసిపెట్టాడో, గాలి బాగా కొడుతోంది," అన్నాడు ఒరిన్. కూర్చునే ఉన్నాడు.

ఆర్లిస్ వచ్చి సోఫా మీది దిండు తీసుకుంది. అది తప్ప ఇంకేమీ తీసుకోలేదు.

గడ్డికోత యంత్రాల పక్కన ట్రెయిలర్‌ని నిలబెట్టాక, వాళ్ళు ఏటా చేసే పనులన్నీ చేశారు. ఎందుకని నన్నడగకండి, వాళ్ళనీ ఎవరూ అడగలేదు. గొట్టాల్లో గులాబీరంగు ద్రవం పోశారు. కన్నాల్లో ఇనుప పీచు కుక్కారు. ప్లైవుడ్ గోడ మీద టార్పాలిన్ కప్పి, గాలికి ఎగరకుండా తాళ్ళు కట్టారు. ఆర్లిస్ ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా తువ్వాలు అడ్డం పెట్టింది. మూస్తే వాసన పట్టేస్తుంది.

కొట్టం తలుపు వేస్తూ ఒరిన్, "చివరికి నీ మాటే నెగ్గిందిరా వెండెల్," అన్నాడు. "ఈ చలికాలం నా గది బయట లేదు."

వెండెల్ గొళ్ళెం బిగుసుకుపోయినట్టు చాలాసేపు దాంతో కుస్తీ పట్టాడు.

ఉత్తరాన ఖాళీ ఇచ్చిన చోటికి ఆర్లిస్ ఫోన్ చేసి, రావట్లేదని చెప్పింది. వరసలో తరవాతివాళ్ళు ఎంత సంతోషిస్తారోనని అక్కడి అమ్మాయి అంది. "ఆహా," అని ఆర్లిస్ పెట్టేసింది. ఆదివారం చర్చి కింద గదిలో కాఫీ దగ్గర ఒకరి తరవాత ఒకరు వచ్చి, జ్ఞాపకాలు మిగిలాయిగా అన్నారు. మిగిలాయి. జ్ఞాపకాల మీద కాళ్ళు చాపుకుని పడుకోవడం ఎలాగో వాళ్ళలో ఎవరూ చెప్పలేదు. యంత్రాలవాళ్ళు గదిని ఎప్పుడు తీసేశారో ఒరిన్ చూడటానికి వెళ్ళలేదు. వెండెల్ వెళ్ళాడు.

బ్యాటరీ మాత్రం అపార్టుమెంటుకి వచ్చింది. అలాంటివి లోపల పెట్టకూడదని అక్కడి నియమం. అందుకని కోట్లు తగిలించే అలమరలో, బూట్ల వెనక దాచారు. చలికాలమంతా ఒరిన్ అప్పుడప్పుడూ దానికి ఛార్జరు వైరు తగిలించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇప్పుడు కుర్చీ నుంచి లేవడానికే ఊపిరి కూడగట్టుకోవాల్సి వస్తోంది. మార్చిలో ఒకరోజు ఆర్లిస్ ఇల్లు ఊడుస్తూ అలమర దగ్గర ఆగింది.

"పచ్చ దీపం వెలిగింది. నిండినట్టుంది."

"ఊఁ."

"ఇచ్చేద్దామా ఎవరికైనా? వెండెల్ ట్రాక్టరుకి పనికొస్తుందేమో."

"ఉండనీ."

"దేనికి ఒరిన్?"

"పూర్తిగా దిగిపోతే మళ్ళీ ఎక్కదు అది."

ఆమె వైరు కాలికి తగలకుండా గోడవారకి జరిపి, బూట్లు మళ్ళీ ముందుకి పెట్టి, అలమర తలుపు మూసింది. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి, కార్ల మీద పడుతున్న వానమంచు కనబడకుండా తెర లాగింది.