పెట్టె మీద రాక్షసుడు

మా ఆవులప్పన్నకు ఖరీదైన కంప్యూటర్ సామాను కనిపిస్తే తిట్టకుండా ఉండడం చేతకాదు. అమ్మేది ఆయన కాదు, కొనేదీ ఆయన కాదు. అయినా మా ఆఫీసులో ఎవరికి గ్రాఫిక్స్ కార్డు కావాలన్నా కంప్యూటర్ అంగళ్ళుండే ఎస్పీ రోడ్డుకు ముందు బయల్దేరేది ఆయనే. ఒక అంగట్లో కాలు పెడుతూనే కళ్ళు పక్క అంగడి మీద ఉంటాయి. కుర్చీ వేస్తే కూర్చోడు. టీ ఇస్తే నడుస్తూ తాగి, గ్లాసు ఇంకెవరి అంగట్లోనో పెట్టి వస్తాడు.

2004 వేసవిలో ఒక శనివారం, కాడుగోడిలో మా వీధి పిల్ల వరూధిని కంప్యూటర్లో కార్డు కాలిపోయింది. సోమవారం ఒక యానిమేషన్ కంపెనీకి తను చేసిన బొమ్మల సినిమా చూపించాలి. నచ్చితేనే ఉద్యోగం. సినిమా ఇంకా సగంలో ఉంది. ఆమెను వెంటబెట్టుకుని ఆవులప్పన్నను పట్టుకున్నాను.

మొదటి అంగట్లోనే సేటు రెండు పెట్టెలు తీశాడు. ఒకదాని మీద కత్తి పట్టిన రాక్షసుడు ధగధగలాడుతున్నాడు. రెండోది సాదాది, ధర సగం. చిప్పు మాత్రం రెండింట్లోనూ ఒకటే. రాక్షసుడి ధర విని వరూధిని చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

అంతే, ఆవులప్పన్న అందుకున్నాడు.

“ఏం సేటూ, ఈ రాక్షసుడు లోపలికొచ్చి పని చేస్తాడా?”

“బ్రాండు సార్!”

“బ్రాండు గాడిదగుడ్డు! చిప్పు అదే ఉండాది గదప్పా. సుమ్నే, ఉత్త బొమ్మకి డబ్బు గుంజుతా ఉండారు. పా అమ్మణ్ణీ!”

ఇక తిరుగుడే తిరుగుడు. సాదా పెట్టెల్లోనూ రకరకాల కంపెనీలున్నాయి. ప్రతిచోటా కార్డు బయటికి తీయించి, దాని మీదుండే చిన్న ఫ్యాన్ను వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటాడు.

“ఇది గురక పెడతా ఉండాది, వద్దు.”

“దీని సోల్డరింగ్ అతుకులు చూడు, వడియాలు పెట్టినట్టుండాది. పా పా!”

దారిలో రాక్షసుడి పెట్టె కనిపిస్తే చాలు, ఆగి మరీ తిడతాడు. ఎండకు నాకు ఒళ్ళు మండిపోయింది. కార్డు కొనేలోపు సోమవారం వచ్చేస్తుందేమోనని దడ పుట్టింది. చివరికి ఏదో సందులో ఒక ఫ్యాన్ చప్పుడు ఆయన చెవికి నచ్చింది.

తర్వాతి వారం మా ఆఫీసు అభిషేక్ కార్డు కొనాలన్నాడు. ఆవులప్పన్న అంగట్లో తిన్నగా రాక్షసుడి పెట్టే చూపించాడు.

“ఇది తీసుకోప్పా. పెద్ద ఫ్యాను, వేడెక్కదు. వారంటీ కూడా ఎక్కువ ఉండాది.”

నేను తెల్లబోయాను. “శనివారం దాన్నే కదన్నా అంత తిడితివి!”

“ఇతను కొనగలడు. ఆ పాప సంచి పట్టుకున్నేది చూడలేదా నువ్వు? అదే మంచిదని చెప్తే, కొనలేక, దిగులుతో బొమ్మలు గీయల్లా? అందుకే సాదా వాట్లో గట్టిది ఏరినా. ఏరేదానికి పొద్దు పట్టదా?”

ఆ మనిషి మీద నాకు అప్పటికప్పుడు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ సాయంత్రమే వరూధిని మైసూరుపాకు పొట్లంతో ఆవులప్పన్నను వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చింది.

“ఉద్యోగం వచ్చింది మామా! సినిమా అయ్యేదాకా కార్డు ఒక్కసారి కూడా ఆగలేదు.” ఇంకాస్త దగ్గరికొచ్చి, “ఆ ఖరీదైనదే మేలని నాకు ముందే తెలుసు మామా. మా ఇన్‌స్టిట్యూట్లో అన్నీ అవే. కానీ మీరు అంగడంగడికీ దాన్ని తిడతా ఉంటే, కొనలేకపోతినే అనే బాధ అక్కడే పోయింది” అంది.

ఆవులప్పన్న నోట్లో మైసూరుపాకు అట్లే ఆగిపోయింది.

“ఓసినీ, అమ్మణ్ణీ! తెలిసి కూడా నన్ను ఎండలో అన్ని అంగళ్ళు తిప్పినావా?”