ఫర్నేస్‌కు సమ్మె లేదు

నేను పనిచేసే సీసాల ఫ్యాక్టరీలోనే మా బావ పని గాజు కరిగించే ఫర్నేస్ చూసుకోవడం. కంటికి నీలం అద్దం అడ్డం పెట్టుకుని చిన్న కన్నంలోంచి మంట రంగు చూస్తాడు, గ్యాస్ పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆ ఫర్నేస్‌ను ఏళ్ల తరబడి ఆర్పరు. ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాజు గడ్డకట్టి, ఇటుక గోడలు చీలిపోతాయి. సెలవు రోజు కూడా ఒకసారి వెళ్లి చూసొచ్చేవాడు. "ఈయనకి ఇద్దరు పెళ్లాలు, పెద్దావిడ ఫ్యాక్టరీలో ఉంది" అనేది మా అక్క.

సమ్మె మాట వచ్చినప్పుడు అందరం సైకిల్ షెడ్డులో కలిశాం. సంఘం నాయకురాలు ప్యాకింగ్‌లో పనిచేసేది, అందరికీ పిన్ని. ఆమెకు కావలసింది జీతం పెంపు ఒక్కటే కాదు. ఫ్యాక్టరీ పనివాళ్ల చేతికి రావాలి, అదీ ఎవరి మీదా చేయి పడకుండా రావాలి. ఒక్కటి అలా వస్తే మిగతాచోట్ల కూడా జనం ధైర్యం చేస్తారని, పైవాళ్లు దిగిరాక తప్పదని ఆమె నమ్మకం.

"రేపు మనం నడుపుకోవాల్సిన దాన్ని ఇవాళ మనమే పాడుచేసుకుంటామా?" అంది.

సీసాల తయారీ ఆపాలి, ఫర్నేస్ మాత్రం వెలుగుతూ ఉండాలి అని తీర్మానించాం. బావ అందరికన్నా ముందు చెయ్యెత్తాడు.

"సమ్మెలో డ్యూటీకెళ్లేవాడివి నువ్వొక్కడివే బావా" అన్నాను.

"నోరు మూసుకుని ఆ క్యారేజీ ఇలా ఇవ్వు."

సమ్మె మొదలయ్యాక రోజూ మేనేజరే ఎదురొచ్చి బావను లోపలికి పంపేవాడు. మాకు భయపడ్డాడని మేం నవ్వుకున్నాం. కొన్ని వారాలకు వెనక గేటు గుండా బస్సుల్లో బయటి పనివాళ్లు దిగారు. లోపల గాజు కరిగి సిద్ధంగా ఉంది. మధ్యాహ్నానికల్లా సీసాలు వరసకట్టాయి.

బావ ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు.

"గ్యాస్ కట్టేసి రాకపోయావా?" అంది అక్క.

"వాల్వు మీద చెయ్యి పెట్టాను. తిప్పితే వాళ్ల పని ఆగుతుంది, ఫర్నేస్ చస్తుంది. తర్వాత గెలిచి మాత్రం ఏం నడుపుతాం?"

సాయంత్రం పిన్ని వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అబ్బాయ్, గోడలు చీలకుండా చల్లార్చే దారే లేదా?"

"ఉంది పిన్నీ. గాజంతా బయటికి వదిలేసి, రోజూ కాస్త కాస్త వేడి తగ్గించుకుంటూ రావాలి. పెద్ద రిపేరుకి అలాగే చేస్తారు. మళ్లీ వెలిగించుకోవచ్చు."

"మొదటిరోజే ఆ పని చేసుంటే?"

"బస్సులు వచ్చినదారినే పోయేవి."

"మరి షెడ్డులో చెప్పలేదేం?"

"తోచలేదు. వెలిగించి ఉంచడమే నా పని అనుకున్నా. ఆపడం గురించి నన్నెవరూ, ఎప్పుడూ అడగలేదు."

"నేనూ అడగలేదు" అంది పిన్ని. మంచినీళ్లిస్తే వద్దని వెళ్లిపోయింది.

మర్నాడు మేనేజరు బావ ఒక్కడినే సమ్మె వదిలి పనిలోకి రమ్మన్నాడు. అందరినీ తీసుకుంటేనే వస్తానని వెనక్కి తిరిగాడు. ఆ అందరూ సంఘంలో ఉండబోమని సంతకాలు పెట్టి, ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయారు. వాళ్లలో నేనూ ఉన్నాను. బావను మళ్లీ పిలవలేదు. ఇప్పుడొక బేకరీలో పొయ్యి చూస్తున్నాడు.

పిన్ని ఇంకా సమావేశాలు పెడుతుందట, బావ వెళ్తాడు. ముందుగా ఆమె అడిగే ప్రశ్న ఒకటే: మీ మెషిన్ పాడవకుండా ఎలా ఆపాలి? జవాబు చెప్పడానికి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం ఒక్కరమూ వెళ్లం.