అంచులు కొట్టించని బల్ల

కొత్త ఆఫీసులోకి మారిన మూడో రోజు పొద్దున్న పదకొండింటికి నా కళ్ళమ్మట నీళ్ళు కారడం మొదలైంది. ఎదురుగా కూర్చున్న డీలరు గారు వంగ విత్తనం మొలకెత్తలేదని ఫిర్యాదు చేస్తున్నారు. మధ్యలో ఆపేసి, "అయ్యో, ఊరుకోండి, నారు పోతే పోయింది" అని నన్నే ఓదార్చారు. మా కంపెనీలో ఏ డీలరు ఫిర్యాదుకీ అంత మర్యాద దక్కి ఉండదు.

గొంతులో గీర, కణతల దగ్గర పోటు. కొత్త ఏసీ పడలేదేమో అనుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తగ్గిపోయింది. తగ్గిపోయిన దాని గురించి ఆలోచించే అలవాటు నాకు లేదు.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో మా నాన్నకి స్టీలు సామాన్ల కొట్టుండేది. నేను అక్కడే గిన్నెల మధ్య పెరిగాను. చెప్పిన ధరకి వస్తువు కొంటే ఆ రోజు నాకు అన్నం సయించదు. ఇప్పుడు ఒక విత్తనాల కంపెనీ బ్రాంచిలో అడ్మిన్ పని చేస్తున్నాను. గుండుసూది దగ్గర్నుంచి అన్నీ నా చేతి మీదుగానే కొంటారు. కొత్త ఆఫీసు చెక్కపనికి బేరమాడింది కూడా నేనే.

కాంట్రాక్టరు సత్తిబాబు నిజాయితీ గలవాడు. ముందే చెప్పాడు.

"ఈ రేటుకి పార్టికల్ బోర్డే వస్తాదండి. రంపంపొట్టుని జిగురుతో కలిపి నొక్కిన చెక్క. అన్ని అంచులకీ బ్యాండు, అదే ప్లాస్టిక్ పట్టీ, అతికించాలండి. లేదంటే లోపలి జిగురు ఘాటు బయటికొస్తా ఉంటాది."

"ముందు కనపడే అంచులకి అతికించు. వెనకా, కిందా ఎవడు చూడొచ్చాడయ్యా?"

మా కొట్టులోనూ అంతే. ముందు అద్దాల బీరువా, దాని వెనక గోనెపట్టా. అందులో తప్పేముందో అప్పటికి నాకు తెలీదు.

"పోనీ, పదిహేను రోజులు కిటికీలు తీసి వదిలేయండి. ఘాటు కాస్త విరుగుద్ది."

దానికి మా మేనేజర్ గారు ఒప్పుకోలేదు. ఆయన బల్ల మీద కంప్యూటర్ పక్కనే పంచాంగం ఉంటుంది. "మూఢం వచ్చేస్తోందండి. గురువారం దాటితే మళ్ళీ నెలల తరబడి ముహూర్తం లేదు" అన్నారు. బుధవారం సాయంత్రం జిగురు పూసిన బల్లలకి గురువారం పొద్దున్న పసుపు కుంకుమ పెట్టేశాం. పాలు పొంగించాం. అందరూ గట్టిగా గాలి పీల్చి, "కొత్త వాసన భలే ఉందండి" అన్నారు. బేరం నాది కాబట్టి అందరికంటే గట్టిగా నేనే పీల్చాను.

ఆ రోజే కిటికీ తీద్దామన్న మనిషి ఒక్కరే, అకౌంట్స్‌లో పనిచేసే కరుణ గారు. ఆవిడ లూథరన్ చర్చిలో క్వయిర్‌కి ముందు నిలబడి పాడతారు. క్రిస్మస్ ముందు వారం ఆవిడ ఆఫీసులో కూనిరాగం తీస్తుంటే ఫైళ్ళు కూడా వింటాయి. "కిటికీ కొంచెం తీద్దామండి, గొంతు పట్టేస్తోంది" అన్నారు.

"చల్లదనమంతా పోతుందండి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాను. తెలియనివాడు ధైర్యంగా చెప్పే వైద్యం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రోజు నన్ను చూడాల్సింది.

వాసన మీద నలుగురూ గొణిగేసరికి మేనేజర్ గారు ఒక పరిష్కారం కనిపెట్టారు. గోడకి ఒక డబ్బా తగిలించారు. అది కాసేపటికోసారి బుస్సుమని నిమ్మకాయ వాసన కొడుతుంది. ఘాటు ఎక్కడికీ పోలేదు, దాని మీద నిమ్మకాయ పిండారంతే. ఆ డబ్బా ఒకటి కొంటే ఒకటి ఉచితంగా తెచ్చింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

మూడో వారానికి దగ్గు పట్టుకుంది. మా వీధి డాక్టరు గారు తల ఎత్తకుండానే, "సీజన్ మారింది కదండి" అని సిరప్ రాశారు. ఈఎన్‌టీ స్పెషలిస్టు సైనస్ ఎక్స్‌రే తీయించి, "డస్ట్ అలర్జీ" అన్నారు. పరుపులు ఎండలో వేశాం, దిళ్ళు మార్చాం. మా ఆవిడకి కోపం వచ్చింది. "ఇన్నేళ్ళుగా మీకు పడిన దుమ్ము ఇప్పుడు పడట్లేదా? ఇల్లు నేను తుడవట్లేదనా ఆయన ఉద్దేశం?" అంది.

ఒక ఆదివారం అన్నవరం వెళ్ళాం. మెట్లెక్కి కొండపైకి వెళ్ళినా దగ్గు లేదు, ఆయాసం లేదు. ప్రసాదం తిని, స్వామి దయ, జబ్బు పోయిందనుకున్నాను. మంగళవారం ఆఫీసు మెట్లు రెండో అంతస్తు వరకు ఎక్కేసరికి ఛాతీలో పిల్లిపిల్లలు కూసినట్టు శబ్దం. మాట పూర్తి చేయడానికి ఊపిరి చాల్లేదు. కరుణ గారే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నెబ్యులైజర్ మాస్కు పెట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం నాకు నిజంగా భయం వేసింది. గాలి దొరకనప్పుడు మనిషికి ఏ తెలివీ పనికిరాదు.

అక్కడి ఊపిరితిత్తుల స్పెషలిస్టు మేడమ్ స్పైరోమెట్రీ చేయించారు. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాలి. రిపోర్టు చూసి, "ఆస్తమా లక్షణాలున్నాయండి. ఆదివారాలు ఎలా ఉంటుంది?" అన్నారు.

నేను అన్నవరం సంగతి చెప్పాను.

"మరి ఆ దయ మంగళవారం ఎందుకు లేకుండా పోయిందండి? మీ ఆఫీసులో కొత్తగా ఏం చేయించారు?"

చెప్పాను. అంచుల సంగతి మాత్రం దాచాను. ఆవిడ ఊపిరి జోరు కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం ఇచ్చి, ఇంట్లో, ఆఫీసులో రోజుకి నాలుగుసార్లు ఊది, వచ్చిన అంకెలు గ్రాఫు కాగితం మీద రాసుకోమన్నారు. ఇన్‌హేలర్ పొద్దున్న రెండు పఫ్‌లు, సాయంత్రం రెండు.

"ఒక్కోటి సరిపోదా మేడమ్?" అన్నాను.

"ఇది రైతు బజారు కాదండి" అన్నారు.

నేను వినలేదు. వారం తరవాత హాయిగా అనిపించగానే ఒక్కో పఫ్‌కి తగ్గించాను, ఆ తరవాత మానేశాను. మందు మిగిల్చానని సంబరపడ్డాను కూడా. పది రోజుల్లో మళ్ళీ అదే ఆస్పత్రి, అదే మాస్కు, ఈసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో సహా. మేడమ్ నన్ను తిట్టలేదు. నేను రాసిన కాగితం మీద వేలు పెట్టి చూపించారు. ఆదివారం గీత పైకి, సోమవారం నుంచి కిందికి, శుక్రవారానికి అడుగుకి.

"బోర్డు జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుందండి. పెయింట్లూ ఫ్రెషనర్లూ కూడా కొందరికి పడవు. ఫలానా దానివల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ మీ ఊపిరితిత్తులకి ఆ గది పడట్లేదు. ఇలాగే ఉంటే ఈ నష్టం మిగిలిపోవచ్చు."

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి కరుణ గారు సైగలతో మాట్లాడుతున్నారు. అప్పటికి నెల రోజులుగా ఆవిడ చర్చిలో పాడట్లేదట. నాకు ఆటో పిలిచిన రోజు కూడా ఆవిడ గొంతు బొంగురుగానే ఉంది. నేను గమనించలేదు, నా ఊపిరి గొడవలో నేనున్నాను. ఆవిడ కుర్చీ అదే బోర్డుతో చేసిన ఫైళ్ళ బీరువా వెనక ఉంటుంది. నేను అంచులు వదిలేయించిన వైపు ఆవిడ ముఖానికి ఎదురుగా ఉంటుంది.

"వెనక అంచులు అక్కర్లేదన్నది నేనేనండి" అన్నాను.

ఆవిడ కిటికీ వైపు వేలు చూపించారు. తరవాత, గాలి తప్ప గొంతు లేని మాటతో, "ఇప్పుడు కిటికీ తీయొచ్చాండి?" అన్నారు.

తీశాను.

మేనేజర్ గారు పరిగెత్తుకొచ్చారు. "ఏసీ నడుస్తుంటే కిటికీలేంటండి? ఇంతమందిలో మీ ఇద్దరికే ఎందుకొచ్చిందంటారు?" అన్నారు. నా బల్ల పక్కకి లాగి, పచ్చి అంచు దగ్గర ముక్కు పెట్టి చూడమన్నాను. పెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ, "కొత్త వాసనేనండి" అన్నారు. ఆయనతో ఇంక మాటలు దండగని, అంచుల తప్పు నాదేనని ఒప్పుకుంటూ ఉత్తరం రాసి, డాక్టరు గారి రిపోర్టు జత చేసి, హెడ్డాఫీసుకి ఒక కాపీ పంపాను. ఆయన జబ్బుకి భయపడలేదు గానీ కాగితానికి భయపడ్డారు. ఆ సాయంత్రమే నిమ్మకాయ డబ్బా గోడ మీంచి మాయమైంది.

సత్తిబాబుని మళ్ళీ పిలిచాను. ప్రతి బల్లా, బీరువా తిరగేసి అన్ని అంచులూ మూయాలని, రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాలని చెప్పాను. అతను రేటు చెప్పాడు. "సరే, కానీ" అన్నాను.

సత్తిబాబు టేపు చుట్టడం ఆపేసి నా వంక అనుమానంగా చూశాడు. "ఏంటండి, ఒంట్లో బాగోలేదా?"

"బాగోలేకే కదయ్యా పిలిచింది."

ఆ పని జరిగినన్నాళ్ళూ ఆఫీసు పాత బిల్డింగులోనే నడిపాం. మేనేజర్ గారు మూఢంలో మారకూడదన్నారు. మారుతున్నది పాత చోటికే కదా, శాస్త్రం ఒప్పుకుంటుందన్నాను. ఆయన పంచాంగం తిరగేసి, ఒప్పుకుంటుందన్నారు.

ఇప్పుడు నాకు రోజూ ఇన్‌హేలర్ ఉంది, రాసినన్ని పఫ్‌లూ పీలుస్తున్నాను. "తగ్గింది, పోలేదు" అంటారు మేడమ్. కరుణ గారు మళ్ళీ పాడుతున్నారు. పై స్వరం మాత్రం ఇంకా అందట్లేదని, దాన్ని పక్కావిడకి ఇచ్చేశారని ఆవిడే చెప్పారు. ఫిర్యాదుగా చెప్పలేదు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఆఫీసులో ఎలా ఉందో, సెలవు రోజు ఎలా ఉందో రెండు వారాలు కాగితం మీద రాయండి. ఆ కాగితం, మీ గదిలో కొత్తగా ఏం చేయించారో ఆ వివరం, అడగకముందే డాక్టరు ముందు పెట్టండి. నాలాగా సగం దాచకండి. ఈలోగా ఎవరైనా కొత్త వాసన భలే ఉందంటే, వాళ్ళతో వాదించకండి. లేచి కిటికీ తీయండి.