అన్ని బోర్లకూ ఒకే మోటరు

మా ఆయన మిలిటరీలో ట్యాంకులు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. యుద్ధమైతే చూడలేదు. అయినా కమలాపురం దగ్గరి మా ఊళ్లో అందరికీ ఆయన మిలిటరీ ఆయనే. ఎవరైనా యుద్ధం సంగతులు చెప్పమని అడిగితే బోల్టులు, గ్రీజు, డీజిల్ లారీలతో మొదలుపెట్టేవాడు. విన్నవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవాళ్లు. నాకు ఆ వీలు లేదు, కట్టుకున్నాను కదా.

ఆ విధంగా ట్యాంకుల గురించి నాకు అక్కర్లేనంత తెలిసింది. ఎక్కడో దూరదేశంలో జరుగుతున్న యుద్ధాన్ని టీవీలో చూపిస్తూ, రోడ్డు పక్కన వదిలేసిన ట్యాంకు కనబడితే ఈయన అన్నం కలపడం ఆపేస్తాడు. దానికి గుండు తగిలి ఉండదట. డీజిల్ అంది ఉండదు, లేదంటే చిన్న రబ్బరు సీలు పోయి, మార్చడానికి ఇంకొకటి దొరికి ఉండదు. గొప్ప ట్యాంకులు కొన్నే చేసి ఒక్కోదానికి ఒక్కో కొలత పెట్టుకున్నవాళ్లు, మామూలు ట్యాంకుల్ని ఒకే అచ్చులో వేలకొద్దీ తీసేవాళ్ల ముందు నిలవలేరని ఆయన నమ్మకం.

"గెలిపించేది ఫిరంగి కాదు, ఎనక వచ్చే లారీ. దాంట్లో సామాను ఉండాల. ఆ సామాను అన్ని ట్యాంకులకూ సరిపోవాల" అనేవాడు.

మా ఊళ్లో మోటర్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. పక్కవాడు బోరులో ఒక రకం మోటరు దించితే, ఇవతలివాడు దానికంటే పెద్దది, వేరే రకం దించాలి. లేకపోతే పరువు పోతుంది. ఎండాకాలం ఒకరి మోటరు కాలితే ఇంకొకరి సామాను పనికిరాదు. మా ఆయన ఇంటింటికీ తిరిగి, అందరం ఒకే రకం కొందామని బతిమాలాడు. కొందరు విన్నారు. ఆయన సొంత అన్న, మా బావ, వినలేదు. వినకపోగా పట్నం నుంచి పెద్ద మోటరు తెప్పించి, మిలిటరీ బుద్ధులు తోటలో చూపించొద్దని నలుగురిలో అన్నాడు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. పైకి అనకపోయినా, ఈయన రోజూ ఆ ఇంటి వైపు చూడకుండా పొలానికి పోయేవాడు కాదు.

మొన్నటి ఎండాకాలం బావ మోటరు కాలిపోయింది. దాని సామాను కడపలో లేదు, కర్నూలులోనూ లేదు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటున్నారే కానీ రాలేదు. పట్నంలో బత్తాయి అంటారే, ఆ చీనీ చెట్ల పిందెలు రాలుతున్నాయని మా తోడికోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఇంటికి ఆ తోట తప్ప ఇంకో ఆధారం లేదు. బావ మాత్రం మా గడప తొక్కలేదు.

మాకు రెండు తోటలు. చిన్న తోట నాది. ఈయన ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే నాటుకుని, బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నది. పెద్ద తోట మోటరు కూడా కాలడంతో, మేం అదనంగా పెట్టుకున్న మోటరు అప్పటికే ఆ బోరులో దిగింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే ఈయన మనుషుల్ని పెట్టి నా చిన్న తోట మోటరు పైకి తీయిస్తున్నాడు. బావ బోరులో పైపులు మా కొలతవేనట, ఇది సరిపోతుందట.

"ఏమయ్యా, నా చెట్లు చెట్లు కావా?" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. "మా వర్క్‌షాపుకాడ ఒగ ట్యాంకును ఆపేసి దాని సామాను ఇంకోదానికి ఏస్తా ఉంటిమి. ఏది ఆగిపోవాల్నో మనమే చెప్పాల. అన్న తోట పోతే ఆ ఇల్లు నిలబడదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చెప్పింది నిజమని తెలిసి ఇంకా మండింది. ఆ రోజు అన్నం వండాను కానీ వడ్డించలేదు.

ఆ మనుషులే మోటరు తీసుకెళ్లి బావ బోరులో దించారు, ఈయన అటు పోలేదు. బావ తోటలో నీళ్లు పారాయి. నా చెట్ల ఆకులు ముడుచుకోవడం మొదలైంది. నాలుగు చెట్లు నా కళ్ల ముందే ఎండాయి. కూర్చుని పిల్లలు పోయినంతగా ఏడ్చాను.

ఒక సాయంత్రం ట్రాక్టరు చప్పుడైతే బయటికొచ్చాను. బావ నీళ్ల ట్యాంకరు తగిలించుకుని తనే తోలుకొచ్చాడు. దిగి గొట్టం లాగి, మొదటి పాదులో పెట్టాడు. పాదు నిండాక తలెత్తాడు.

"నీ చెట్లు ఎండబెట్టి నా చెట్లకు పారిచ్చుకుంటే, నాకు మెతుకు దిగుతాదా అమ్మా?" అన్నాడు.

ఈలోగా మా ఆయన గట్టు మీది నుంచి పరుగున వచ్చి, ముందు ఆ చివరి వరస, తరువాత ఈ వరస అంటూ అన్నకు చెప్పడం మొదలుపెట్టాడు. అన్ని నెలల తరువాత అన్నతో ఆయన మాట్లాడిన మొదటి మాటలవి. బావ ఎదురు చెప్పకుండా గొట్టం భుజాన వేసుకుని చివరి వరసకు నడిచాడు. ఈయన ఆ వెనకే పోతూ, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.